మెటల్ డిటెక్టర్‌కి దొరికింది పాత వెండేనా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంగ్లండ్‌లో శని, ఆదివారాలు డిటెక్టర్ పట్టుకుని పొలాలకి వెళ్ళే మనవాళ్ళు ఫోటో పంపి మొదట అడిగేది "అన్నా, ఇది వెండేనా?" అని, ఆ వెంటనే అడిగేది "ఎంత వస్తుంది?" అని. మొదటిదానికి జవాబు చాలాసార్లు ఇంట్లో కూర్చునే తేల్చుకోవచ్చు, అందుకే ఈ పేజీ. ఇందులో చెప్పిన చట్టం ఇంగ్లండ్, వేల్స్‌లది. ఇండియా గురించి చివర్లో విడిగా రాశాను, అది మాత్రం వదిలేయకుండా చదవండి.

మట్టిలోంచి బయటికొచ్చిన వెండి ఎలా ఉంటుంది?

మంచి వెండి అయితే చాలాసార్లు గుంటలోంచే తెల్లగా కనిపిస్తుంది. వందల ఏళ్ళు మట్టిలో ఉన్నా సరే, 92.5 శాతం వెండి ఉన్న నాణెం మీద తడిమట్టి జారిపోగానే బూడిదరంగు తెలుపు తెలుస్తుంది. కొన్ని నేలల్లో పైన నల్లటి పొర కడుతుంది, అది గంధకంతో కలిసి ఏర్పడేది, ఇంట్లో వెండి కుంది నల్లబడేది కూడా దానివల్లే. ఉప్పు ఎక్కువున్న నేలల్లో, సముద్రం దగ్గర, ఊదా ఛాయ ఉన్న బూడిదరంగు పొర మైనంలా పట్టుకుని ఉంటుంది, అది సిల్వర్ క్లోరైడ్.

ఆకుపచ్చ చిలుము కనిపించగానే "రాగి" అని చెత్త సంచిలో పడేయకండి. వెండిలో కలిపిన రాగి ముందుగా బయటికొచ్చి పచ్చగా పేరుకుంటుంది, కింద వెండి అలాగే ఉంటుంది. ఎనిమిదో హెన్రీ 1544 నుంచి నాణేల్లో రాగి విపరీతంగా కలిపించాడు, అరిగిన చోట రాజు ముక్కు ఎర్రగా బయటపడేదని జనం ఆయనకి రాగిముక్కు అని పేరు పెట్టారు. ఆ కాలం నాణేలు పచ్చగానే దొరుకుతాయి, అయినా అవి వెండి నాణేల కిందే లెక్క.

మెషిన్‌లో నంబర్ ఎక్కువ వచ్చింది, వెండేనా?

నంబర్ లోహం పేరు చెప్పదు. ఆ వస్తువు విద్యుత్తుని ఎంత బాగా ప్రవహింపజేస్తుందో, దాని సైజు, మందం ఎంతో, అన్నీ కలిపి ఒక అంకె చూపిస్తుంది. వెండి లోహాలన్నిటిలోకీ మంచి వాహకం కాబట్టి పెద్ద వెండి నాణేనికి అంకె బాగా పైన వస్తుంది, నిజమే. కానీ రాగి దానికి దగ్గర్లోనే ఉంటుంది, విక్టోరియా కాలపు పెద్ద రాగి పెన్నీ కూడా అలాగే పలుకుతుంది. అదే 13వ శతాబ్దపు పెన్నీని పావు ముక్కగా కోస్తే, అది గోరంత కూడా ఉండదు, కాగితంలా పలచగా ఉంటుంది, దానికి అల్యూమినియం రేకు కాగితానికి వచ్చే అంకే వస్తుంది. కాబట్టి తక్కువ అంకెల్ని వదిలేస్తూ పోతే మధ్యయుగపు వెండిలో చాలా భాగం అక్కడే వదిలేసి వస్తున్నారన్నమాట. నిలకడగా, రెండువైపుల నుంచీ ఒకేలా పలికే ప్రతి సిగ్నల్నీ తవ్వండి. అంతకంటే దగ్గరదారి లేదు.

కడగొచ్చా? విభూతితో తోమితే మెరుస్తుంది కదా?

వద్దు. దయచేసి వద్దు.

విభూతి, చింతపండు, పీతాంబరి, టూత్‌పేస్ట్, ఇవన్నీ పూజగదిలో రోజూ వాడే వెండికి సరే, దాని మీద పోయేంత వివరం ఉండదు. ఎనిమిది వందల ఏళ్ళ నాటి పెన్నీ మీద అక్షరం ఎత్తు వెంట్రుక మందం కూడా ఉండదు, దాని చుట్టూ అతుక్కున్న ఇసుకరేణువు గాజు కంటే గట్టిది. వేలితో ఒక్కసారి రుద్దితే చాలు, రాజు ముఖం మీద గీతలు పడతాయి, ఇక వాటిని తీసేవాళ్ళు లేరు. పొలంలో ఎవరైనా నాణేన్ని బొటనవేలితో పాంటుకి రుద్దుతుంటే నాకు ప్రాణం విలవిలలాడుతుంది.

అల్యూమినియం రేకు, సోడా ఉప్పు, వేడినీళ్ళ చిట్కా కూడా యూట్యూబ్‌లో చూసి అడుగుతుంటారు. అది నలుపుని తీసేస్తుంది, దాంతోపాటు పెళుసైన నాణెం పైపొరని కూడా వదులు చేస్తుంది, బంగారు పూత ఉన్న వస్తువైతే ఇంకా నష్టం. చేయాల్సింది ఇంతే: డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, మట్టి తనంతట తాను వదిలేదాకా నీళ్ళు మారుస్తూ ఉండండి, తర్వాత గాలికి ఆరనివ్వండి. దాచేటప్పుడు రబ్బరు బ్యాండు వేయకండి, ఉన్నిగుడ్డలో చుట్టకండి, రెండింట్లోనూ గంధకం ఉంటుంది, వెండి నల్లబడుతుంది. పీవీసీ కవర్లు కూడా మంచివి కావు.

వంగి ఉంటే సరిచేయాలని అసలు చూడకండి. నేలలో చాలాకాలం ఉన్న వెండి లోపల పెళుసెక్కిపోతుంది, పైకి మెత్తగా కనిపిస్తూనే టక్కున విరుగుతుంది.

వెండిలా మోసం చేసేవి ఏవి?

అందరికంటే ఎక్కువ మోసం చేసేది మనందరి ఇళ్ళల్లో ఉన్న జర్మన్ సిల్వరే. రాగి, నికెల్, జింకు కలిపిన లోహం అది, అందులో వెండి చుక్క కూడా ఉండదు. దాని మీద వెండి పూత వేస్తే ఇక్కడ ఈపీఎన్‌ఎస్ అంటారు, 1840లో ఎల్కింగ్టన్ వాళ్ళు కరెంటుతో పూత వేసే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాక ఆ చెంచాలు, ఫోర్కులు ఊరూరా చేరాయి. దొంగతనం ఎక్కడంటే, ఆ నాలుగు అక్షరాల్ని విడివిడి డాలు ఆకారపు గళ్ళలో, పాతకాలపు మెలికల అక్షరాలతో కొడతారు, బురదలో చూస్తే అచ్చం హాల్‌మార్క్‌లా ఉంటాయి. సింహం బొమ్మ కోసం చూడండి. సింహం లేకుండా అక్షరాలే ఉంటే ఆశ తగ్గించుకోండి.

పాత షెఫీల్డ్ ప్లేట్ వేరు, అది 1740ల్లో మొదలైంది, రాగి రేకు మీద వెండి రేకుని కరిగించి అతికించేవాళ్ళు. అంచుల దగ్గర, అరిగిన చోట ఎర్రటి రాగి కనిపిస్తుంది.

ప్యూటర్ అంటే తగరం ప్రధానంగా ఉన్న లోహం, బొత్తాలు, బకిల్‌లు, బొమ్మలు దాంతో చేసేవాళ్ళు. బూడిదరంగులో మసకగా, ఒక్కోసారి పైన పొక్కులుగా ఉంటుంది. సీసం చేతిలో పెట్టుకోగానే బరువు చెప్పేస్తుంది. అల్యూమినియం దాని తేలికతో దొరికిపోతుంది. 18వ శతాబ్దపు కోటు బొత్తాల్లో టాంబాక్ అనే తెల్లటి మిశ్రమలోహం ఉంది, మట్టిలోంచి వెండిలా తళతళలాడుతూ వస్తుంది, కొత్తవాళ్ళంతా దాన్ని చూసి ఎగిరి గంతేస్తారు. చదునుగా, గుండ్రంగా, వెనక ఒక కొక్కెం ఉండి, ముద్ర ఏమీ లేకపోతే ముందు టాంబాక్ అనే అనుకోండి.

అయస్కాంతం, ఐసు ముక్క, గీటురాయి, వీటిలో ఏది పనికొస్తుంది?

అయస్కాంతానికి అతుక్కుంటే ఇనుమో నికెలో ఉన్నట్టు. అతుక్కోకపోతే వెండి అని కాదు, రాగి, సీసం, తగరం కూడా అతుక్కోవు. దీనికీ ఒక మినహాయింపు ఉంది: 1880ల నుంచి వచ్చిన డోర్కస్ రకం అంగుస్తానాల్లో (కుట్టేటప్పుడు వేలికి పెట్టుకునే తొడుగులు) రెండు వెండి పొరల మధ్య ఉక్కు పెట్టారు, అవి అయస్కాంతానికి లాగుతాయి, పైనున్నది మాత్రం వెండే.

ఐసు ముక్క వెండి మీద త్వరగా కరుగుతుందనేది నిజమే, రాగి మీద కూడా దాదాపు అంతే త్వరగా కరుగుతుంది, కాబట్టి తేలేదేమీ లేదు. గీటురాయి, యాసిడ్ చుక్క మన కంసాలి దగ్గర కొత్త నగకి సరిపోతాయి, దొరికిన పాత వస్తువుకి అవి గాయాలు. బ్లేడుతో అంచు గీకి చూడటం కూడా అంతే.

గాయం చేయని పరీక్ష ఒకటుంది, సాంద్రత. 0.01 గ్రాము దాకా చూపించే చిన్న త్రాసు కావాలి. వస్తువుని మామూలుగా తూచండి. తర్వాత త్రాసు మీద నీళ్ళ గ్లాసు పెట్టి సున్నా చేసి, దారం కట్టిన వస్తువుని అడుగు తగలకుండా నీళ్ళలో పూర్తిగా ముంచి పట్టుకోండి, అప్పుడు త్రాసు చూపించే అంకెతో మొదటి బరువుని భాగించండి. స్టెర్లింగ్ (92.5 శాతం) వెండికి 10.3 దరిదాపుల్లో వస్తుంది, సీసానికి 11.3, జర్మన్ సిల్వర్‌కి 8.5 నుంచి 8.8, ప్యూటర్‌కి 7.3 చుట్టుపక్కల. లోపల బోలుగా ఉన్నవాటికి, రాళ్ళు పొదిగినవాటికి, గ్రాము కంటే తక్కువ బరువున్నవాటికి ఈ లెక్క నమ్మకండి.

మ్యూజియంవాళ్ళ దగ్గర ఎక్స్‌రే పరికరం ఉంటుంది, వస్తువుని తాకకుండానే పైపొరలో ఏ లోహం ఎంతుందో చెబుతుంది. విలువైనదేమో అని అనుమానం ఉంటే అదే దారి.

హాల్‌మార్క్ ఎలా చదవాలి?

పదింతలు చూపించే భూతద్దం కొనుక్కోండి, టార్చ్‌ని పక్కనుంచి పడుకోబెట్టినట్టు వెలుగు వేయండి, ఫోన్‌తో ఫోటో తీసి పెద్దది చేయండి. ముద్రలు చెంచాకైతే కాడ వెనక, బకిల్‌కైతే చట్రం అడుగున, అంగుస్తానానికైతే కిందిఅంచు దగ్గర ఉంటాయి.

ఇంగ్లీషు వెండికి ఉన్న గొప్ప సుగుణం ఏమిటంటే ఈ ముద్రలు ఒక్కొక్కటి ఒక్కో ఏడాది చట్టంతో మొదలయ్యాయి, అందుకే ఏ ముద్ర ఉంది, ఏది లేదు అన్న దాన్నిబట్టే కాలం ఇరుకైపోతుంది. చిరుతతల ముద్ర 1300లో వచ్చింది. పనివాడి సొంత గుర్తు 1363లో. ఏడాదిని చెప్పే అక్షరం 1478లో. నడుస్తూ ముందుకాలు ఎత్తిన సింహం 1544లో, స్టెర్లింగ్ అంటే ఆ సింహమే. 1784 నుంచి 1890 దాకా పన్ను కట్టినట్టు రాజు లేదా రాణి తల ముద్ర అదనంగా ఉంటుంది. అంటే సింహం, అక్షరం, రాణి తల మూడూ ఉంటే, అక్షరం అరిగిపోయి చదవలేకపోయినా సరే, అది చాలావరకు విక్టోరియా కాలానిది, 1890 దాటనిది అని చెప్పొచ్చు.

ఊరి ముద్రల్లో లంగరు అంటే బర్మింగ్‌హామ్, కిరీటం అంటే షెఫీల్డ్, ఈ రెండు ఊళ్ళకీ ముద్ర వేసే హక్కు 1773లో వచ్చింది. షెఫీల్డ్ కిరీటం 1975లో గులాబీ అయింది. లండన్‌ది చిరుతతల, దాని నెత్తిన కిరీటం ఉంటే 1821కి ముందుది. కోట బొమ్మ ఎడిన్‌బరో. చెస్టర్‌ది కత్తి, మూడు గోధుమ కట్టలు, అక్కడి ముద్రల ఆఫీసు 1962లో మూసేశారు.

సింహం బదులు కూర్చున్న స్త్రీ బొమ్మ, మెడ దగ్గర చిరిగినట్టున్న సింహం తల కనిపిస్తే జాగ్రత్తగా పక్కన పెట్టండి. 1697లో వెండి వస్తువుల స్వచ్ఛతని 95.84 శాతానికి పెంచారు, ఎందుకంటే జనం నాణేల అంచులు కత్తిరించి, కరిగించి గిన్నెలు చేయించుకుంటున్నారు. 1720 దాకా అదే నిబంధన, ఆ తర్వాత ఇష్టమైనవాళ్ళు మాత్రమే వాడారు. కాబట్టి ఆ ముద్ర ఒక్కటే చూసి పాతదని ఖాయం చేయొద్దు, అక్షరం కూడా సరిపోవాలి.

అక్షరంతో జాగ్రత్త. ఒకే అక్షరం మళ్ళీ మళ్ళీ తిరిగొస్తుంది, లండన్‌లో ఇరవై అక్షరాలకో చుట్టు. అక్షరం శైలి, దాని చుట్టూ ఉన్న డాలు ఆకారం, ఊరు, ఈ మూడూ కలిస్తేనే ఏడాది దొరుకుతుంది.

800, 830, 835 అంకెలు ఉంటే యూరప్‌లోని వేరే దేశానిది. "స్టెర్లింగ్" అని పూర్తి పదం ఉండి బొమ్మలేవీ లేకపోతే ఎక్కువగా అమెరికాది.

ముద్ర ఏమీ లేదు, అయితే వెండి కాదా?

కావచ్చు. చిన్న వస్తువులకి చాలా కాలం ముద్ర వేయించేవాళ్ళు కాదు, వేస్తే పనివాడి రెండక్షరాలు మాత్రమే. అందుకే ఆకారాలు నేర్చుకోవాలి, నాకు ఈ పనిలో అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే.

రెండు హృదయాల మీద కిరీటం ఉన్న చిన్న బొత్తం దొరికితే అది 1662లో రెండో చార్లెస్, పోర్చుగల్ రాకుమారి కేథరీన్‌ని పెళ్ళి చేసుకున్న కాలపు జ్ఞాపికగా చెప్పే రకం, జతగా లింకుతో కలిపి చొక్కా చేతులకి పెట్టుకునేవాళ్ళు. పొడవాటి సూది, ఒక చివర పెద్ద కన్ను, మీద గీతలతో చెక్కిన అక్షరాలు ఉంటే 17వ శతాబ్దపు బాడ్కిన్, ఆ అక్షరాలు దాని సొంతదారు పేరువి అయివుంటాయి. బంగారు పూతతో, చిన్న గుండ్లతో ముగ్గులా అల్లినట్టున్న కొక్కెం ట్యూడర్ రాజుల కాలపు (16వ శతాబ్దం) డ్రెస్ హుక్. అత్తిపండు ఆకారపు గిన్నె, ఆరు పలకల కాడ, చివర చిన్న బొడిపె లేదా మనిషి బొమ్మ ఉన్న చెంచా 16, 17 శతాబ్దాలది. వీటిలో ఏది దొరికినా ముద్ర లేదని తీసిపారేయకండి, అన్నీ 300 ఏళ్ళు దాటినవి, చట్టం వర్తించేవి.

నాణెం దొరికింది. ఏ కాలానిది?

ముందు అంచు చూడండి. పలచగా, వంకరగా, ఎక్కడ పడితే అక్కడ తెగినట్టుంటే సుత్తితో కొట్టినది, ఇక్కడ హ్యామర్డ్ అంటారు. గుండ్రంగా, మందంగా, అంచు నిలువుగా ఉంటే యంత్రంతో కొట్టినది, మిల్డ్ అంటారు. 1662 నుంచి యంత్రమే.

హ్యామర్డ్ పెన్నీ అయితే వెనకవైపు శిలువ చూడండి. శిలువ చేతులు చుట్టూ ఉన్న అక్షరాల వలయం లోపలే ఆగిపోతే అది 1180 నుంచి 1247 మధ్యది. ముందువైపు "హెన్రికస్ రెక్స్" (హెన్రీ రాజు) అని ఉంటుంది, కానీ ఆ మధ్యలో రిచర్డ్, జాన్ ఏలారు, వాళ్ళూ తండ్రి పేరే కొట్టించారు, కాబట్టి పేరు చూసి రాజుని నిర్ణయించలేం. శిలువ అంచుదాకా సాగి, ప్రతి చేయి రెండు గీతలుగా ఉంటే 1247 తర్వాతది. అంచు కత్తిరిస్తే వెంటనే తెలిసిపోవాలని అలా సాగదీశారు. చేయి ఒకే మందపాటి గీతగా ఉండి, నాలుగు గళ్ళలో మూడేసి చుక్కలుంటే 1279లో మొదటి ఎడ్వర్డ్ తెచ్చిన నమూనా, 18 మిల్లీమీటర్ల దరిదాపు వెడల్పు, 1.4 గ్రాముల బరువు. ఆ నమూనా తర్వాతి రాజుల కాలంలోనూ చాలాకాలం సాగింది. చుట్టూ "సివిటాస్" (నగరం) తర్వాత ఊరి పేరుంటుంది, లండన్, కాంటర్‌బరీ ఎక్కువగా కనిపిస్తాయి.

మొదటి ఎలిజబెత్ నాణేల్లో తల వెనక గులాబీ ఉందో లేదో చూడండి. 1561 నుంచి ఆరు పెన్నీలు, మూడు, ఒకటిన్నర, ముప్పావు పెన్నీ నాణేలకి గులాబీ, ఏడాది అంకె ఉంటాయి. షిల్లింగ్, గ్రోట్ (నాలుగు పెన్నీలు), పెన్నీలకి ఉండవు. తర్వాతి జేమ్స్, చార్లెస్ రాజుల కాలంలో తల వెనక రోమన్ అంకె ఉంటుంది, పన్నెండు ఉంటే షిల్లింగ్, ఆరు ఉంటే సిక్స్‌పెన్స్, అంత తేలిక.

మిల్డ్‌లో గుర్తుంచుకోవాల్సిన ఏళ్ళు రెండే. 1919 దాకా 92.5 శాతం వెండి. 1920 నుంచి 1946 దాకా సగమే వెండి, ఇవి మట్టిలోంచి మసకగా, ఒక్కోసారి పచ్చగా వస్తాయి. 1947 నుంచి రాగి-నికెల్ మిశ్రమమే, వెండి లేదు.

సగానికి కోసిన నాణెం, ఎస్ ఆకారంలో వంచిన నాణెం దొరికాయి. పాడైపోయినట్టేనా?

పాడవ్వలేదు, వాడుకున్నారు. చిల్లర నాణేలు లేని రోజుల్లో పెన్నీని శిలువ గీత వెంట కోసి అర పెన్నీ, పావు పెన్నీ చేసుకునేవాళ్ళు. 1279 తర్వాత గుండ్రటి చిన్న నాణేలు రావడంతో ఆ అవసరం తగ్గిపోయింది.

ఎస్‌లా వంచినవి ఎక్కువగా 1690ల నాటి మూడో విలియం సిక్స్‌పెన్స్‌లు, ప్రేమగుర్తుగా వంచి ఇచ్చేవాళ్ళు. అలాంటిది పొలం మధ్యలో ఎందుకు పడివుందో అని నేను చాలాసేపు ఆలోచిస్తుంటాను.

రోమన్ వెండి ఎలా ఉంటుంది?

డినారియస్ చిన్నది, 18 మిల్లీమీటర్లు, మూడు గ్రాముల చుట్టూ, బొమ్మ ఎత్తుగా ఉంటుంది. తల మీద ఆకుల దండ ఉంటుంది. దండ బదులు సూర్యకిరణాల్లాంటి మొనల కిరీటం ఉంటే అది క్రీ.శ. 215లో కారకల్లా చక్రవర్తి తెచ్చిన పెద్ద నాణెం రకం, 270 వచ్చేసరికి దాంట్లో వెండి నూటికి అయిదు పాళ్ళు కూడా మిగల్లేదు. అంచు పగిలి లోపల పచ్చటి రాగి కనిపిస్తే ఆ కాలంలోనే చేసిన దొంగనాణెం, రాగి బిళ్ళకి వెండి తొడుగు. అది కూడా చరిత్రే, పారేయకండి.

బొమ్మ, అక్షరం ఏమీ లేని వెండి ముక్క. ఏమయ్యుంటుంది?

వైకింగుల కాలంలో వెండిని తూకానికి చెల్లించేవాళ్ళు. గాజుల్ని, కడ్డీల్ని గొడ్డలితో నరికి ముక్కలిచ్చేవాళ్ళు, తీసుకునేవాడు మంచి వెండేనా అని కత్తిమొనతో చిన్న గాట్లు పెట్టి చూసేవాడు. ఆ గాట్లే గుర్తు. లాంకషర్‌లో 1840లో బయటపడిన క్యూర్‌డేల్ నిధిలో నాణేలతోపాటు ఇలాంటి ముక్కలు, కడ్డీలు కుప్పలుగా దొరికాయి. నగిషీ లేని మామూలు ముక్కలా ఉన్నా, వెండి అని తేలితే చట్టప్రకారం చెప్పాల్సిందే.

చట్టం ఏమంటుంది?

1996 నాటి ట్రెజర్ యాక్ట్. 300 ఏళ్ళు దాటి, బరువులో కనీసం 10 శాతం వెండి లేదా బంగారం ఉన్న వస్తువు, అది నాణెం కాకపోతే, ఒక్కటైనా సరే ట్రెజర్ కిందకి వస్తుంది. నాణేలైతే ఒకేచోట రెండు లేదా అంతకంటే ఎక్కువ ఉండాలి. నాణేనికి రంధ్రం చేసో, కొక్కెం అతికించో నగగా మార్చివుంటే దాన్ని వస్తువుగా చూస్తారు, ఒక్కటున్నా చెప్పాలి. 2023 జులై చివరి నుంచి ఇంకో నిబంధన కలిసింది, 200 ఏళ్ళు దాటి చరిత్రపరంగా అసాధారణమైన లోహవస్తువు ఏ లోహందైనా ట్రెజర్ కావచ్చు.

దొరికిన 14 రోజుల్లో, లేదా అది ట్రెజర్ కావచ్చని తెలిసిన 14 రోజుల్లో, ఆ ప్రాంతపు కరోనర్ అనే న్యాయాధికారికి తెలియజేయాలి. ఆచరణలో ప్రతి ప్రాంతానికీ ఉండే ఫైండ్స్ లయజాన్ ఆఫీసర్‌కి మెయిల్ చేస్తే చాలు, మిగతాది వాళ్ళు నడిపిస్తారు. వీళ్ళు బ్రిటిష్ మ్యూజియం నడిపే పోర్టబుల్ యాంటిక్విటీస్ స్కీమ్ మనుషులు, మీ నాణెం లాక్కోవడానికి ఉన్నవాళ్ళు కారు. ట్రెజర్ కాని వస్తువులు కూడా వాళ్ళకి చూపించండి, నమోదు చేసి తిరిగి ఇచ్చేస్తారు. వెళ్ళేటప్పుడు పది అంకెల గ్రిడ్ రెఫరెన్స్ ఉంటే మంచిది, అది మీటరు వరకూ చోటు చెబుతుంది. చోటు తెలియని నాణెం సగం నోరు మూసుకున్నట్టే.

వీటన్నిటికంటే ముందు పొలం సొంతదారు పర్మిషన్ కావాలి, రాతపూర్వకంగా తీసుకోండి. రక్షిత కట్టడాల స్థలాల్లో లైసెన్స్ లేకుండా డిటెక్టర్ వాడటమే నేరం. స్కాట్లండ్‌లో నిబంధన వేరు, అక్కడ పాతవి ఏవైనా చెప్పాల్సిందే.

ఒకే గుంటలో రెండో నాణెం, మూడో నాణెం వస్తుంటే ఆపేయండి. ముఖ్యంగా నాగలి దిగే లోతు దాటి ఉంటే. ఫోన్ చేసి ఆర్కియాలజిస్టులు వచ్చేదాకా కాపలా ఉండండి. కుండలో ఎలా పేర్చారు, గుడ్డలో చుట్టారా అనే సంగతులు వాళ్ళు తవ్వితేనే బతుకుతాయి.

చెప్పకుండా ఉంచుకుంటే ఎవరికి తెలుస్తుంది?

2015లో రెండు వైకింగ్ కాలపు నిధులు బయటపడ్డాయి, రెండింట్లోనూ ఆల్ఫ్రెడ్, రెండో చియోల్‌వుల్ఫ్ రాజుల నాణేలున్నాయి. ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో వాట్లింగ్టన్ దగ్గర దొరికిన నిధిని దొరికినతను చెప్పాడు, ఆష్మోలియన్ మ్యూజియం 2017లో 13.5 లక్షల పౌండ్లకి కొన్నది, ఇప్పుడు ఎవరైనా వెళ్ళి చూడొచ్చు. హెరెఫర్డ్‌షైర్‌లో లెమ్‌స్టర్ దగ్గర దొరికినదాన్ని ఇద్దరు దాచి అమ్మబోయారు, 2019లో ఒకరికి పదేళ్ళు, ఇంకొకరికి ఎనిమిదిన్నరేళ్ళు జైలు పడింది, తర్వాత అప్పీలులో కొంత తగ్గింది. ఆ నిధిలో దాదాపు 300 నాణేలుండేవని అంచనా, అప్పటికి దొరికినవి 31. మిగతావి ఇంగ్లండ్ ఎలా ఏర్పడిందో చెప్పే నాణేలు, వాటిలో చాలావరకు ఎక్కడున్నాయో తెలియదు. నాకు కోపం వచ్చేది జైలు సంగతికి కాదు, ఆ పోయిన నాణేలకి.

డబ్బు ఎంత వస్తుంది?

మ్యూజియం కొనాలనుకుంటే స్వతంత్ర కమిటీ మార్కెట్ ధర నిర్ణయిస్తుంది, దాన్ని మామూలుగా దొరికినవాళ్ళకి, భూమి సొంతదారుకి చెరిసగం ఇస్తారు. ఏ మ్యూజియమూ వద్దంటే తిరిగి ఇచ్చేస్తారు. చాలా హ్యామర్డ్ పెన్నీలకి పెద్ద ధర ఉండదు, వెండి బరువు లెక్కన చూస్తే ఇంకా తక్కువ, గ్రామున్నర. బంగారం దుకాణానికి తీసుకెళ్తే వాళ్ళు తూకమే చూస్తారు. కరిగించడం మాత్రం ఎప్పుడూ చేయకండి.

సెలవులకి ఊరెళ్ళినప్పుడు డిటెక్టర్ తీసుకెళ్ళొచ్చా? మా ఊరి పాత కోట దగ్గర…

వద్దు, ఇందులో మొహమాటం లేదు. ఇండియాలో ఈ హాబీకి ఇక్కడిలాంటి ఏర్పాటు లేదు. 1878 నాటి ఇండియన్ ట్రెజర్ ట్రోవ్ యాక్ట్ ప్రకారం నేలలో దాగి దొరికినది పది రూపాయల విలువ దాటితే కలెక్టర్‌కి తెలియజేయాలి. రక్షిత కట్టడాల చుట్టూ 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతం. గుప్తనిధుల పేరుతో మన ఊళ్ళల్లో పాత గుళ్ళు, శివలింగాల కింద, నంది విగ్రహాల కింద తవ్వి పగలగొట్టినవి ఎన్ని చూశాం? అందులో డిటెక్టర్ పట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. ఆ గుంపులో చేరకండి.

ఇంటికి పునాది తీస్తుంటే తనంతట తానే బిందెడు రూపాయలు బయటపడితే అది వేరు. పని ఆపి తహసీల్దార్‌కి చెప్పండి. అమరావతి ప్రాంతంలో విద్ధాంక నాణేల (గుర్తులు పొడిచిన పాత నాణేలు) నిధి దొరికింది, అలాంటివే ఆ నేల చరిత్రకి ఆధారాలు.

తాతల పెట్టెలో ఉన్న రూపాయల గురించి అడిగితే అది సులువు. 1835 నుంచి కంపెనీ రూపాయి బరువు 11.66 గ్రాములు, అంటే సరిగ్గా తులం, 91.7 శాతం వెండి. విక్టోరియా పేరు పక్కన "క్వీన్" ఉంటే 1877కి ముందుది, "ఎంప్రెస్" ఉంటే ఆ తర్వాతది. 1940 నుంచి సగం వెండి. 1947 పులి బొమ్మ రూపాయి నికెల్, అయస్కాంతానికి అతుక్కుంటుంది. చార్మినార్ బొమ్మ ఉన్నది హైదరాబాద్ సంస్థానపు హాలీ సిక్కా.

ఇక్కడ దొరికిన నాణేన్ని అమ్మానాన్నలకి చూపించడానికి ఇండియా తీసుకెళ్ళొచ్చా?

బ్రిటన్ నేలలో దొరికిన 50 ఏళ్ళు దాటిన పురావస్తువుని దేశం దాటించాలంటే ఎగుమతి లైసెన్స్ కావాలి, విలువ ఎంత తక్కువైనా సరే. మామూలు నాణేలకి కొన్ని మినహాయింపులున్నాయి గానీ ఎయిర్‌పోర్టులో టెన్షన్ పడేకంటే ముందే ఫైండ్స్ లయజాన్ ఆఫీసర్‌ని అడగండి. అటునుంచి ఇటు తెచ్చే విషయం ఇంకా గట్టిది: 1972 నాటి చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన నాణెం పురావస్తువే, వ్యక్తులు దాన్ని ఇండియా దాటించకూడదు. నానమ్మ ఇచ్చిన విక్టోరియా రూపాయి అయినా అంతే. ఫోటోలు తీసుకుని రండి, రెండువైపులా, పక్కన స్కేలు పెట్టి.